సైరన్‌కూ పేలుడుకూ నడుమ

“సైరనూ పేలుడూ ఒకే సెకండుకు అయినాయి. ఇదిగో, నీ డబ్బా కొట్టిన చీటీ. ఇంగేం చెప్తావబ్బీ?”

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హరికృష్ణ ఆ చీటీని హబీబుల్లా ముఖం ముందు ఆడించాడు. స్టూలు మీద ముడుచుకుని కూర్చున్న హబీబుల్లా తలెత్తలేదు. అతను ప్రొద్దుటూరులో బోరు మోటార్లకు టైమర్లు చేసి అమ్ముకుంటాడు. రెండేళ్ల కింద జమ్మలమడుగు దగ్గర ఒక నాపరాయి గనికి యంత్రం ఒకటి చేసిచ్చాడు. మీట నొక్కితే సైరన్ మోగుతుంది. పది నిమిషాలు ఆగి తాళంచెవి తిప్పితే కింద గుంతలో రాయి పగలగొట్టే మందు తూటాలు పేలుతాయి. రెండు వేళలూ చీటీ మీద పడతాయి.

మొన్న సాయంత్రం ఆ గని ఫోర్‌మన్ ఓబులేసు గుంతలో పేలుడుకు బలైపోయాడు. చీటీ మీద సైరన్ వేళ నాలుగూ యాభై రెండు. పేలుడు వేళ కూడా నాలుగూ యాభై రెండే. సెకండ్ల అంకె సైతం మారలేదు.

“పరిగెత్తేదానికి ఆయప్పకు ఊపిరి తీసుకునేంత టైం గూడా ఇయ్యలా నీ డబ్బా,” అన్నాడు హరికృష్ణ. “రాతకోతలన్నీ అయిపోయినాయి. రేపు పొద్దున్నే కోర్టులో పెడతాండా.”

“ఒక్క మాట అడగనిస్తారా?”

గది మూలన ఉన్న మనిషిని అంతసేపూ హరికృష్ణ పట్టించుకోనట్టే నటించాడు. ఆమె సుధారాణి. కడపలో సైబర్ విభాగం ఇన్‌స్పెక్టర్. చదివింది కంప్యూటర్ ఇంజనీరింగు, చేరింది పోలీసు ఉద్యోగంలో. యంత్రం సంగతి తేల్చమని ఎస్పీ పొద్దున ఆమెను పంపాడు. తన కేసులోకి కడప నుంచి మనిషి రావడం హరికృష్ణకు చెప్పులో రాయిలా ఉంది.

“అడగండి. వినేదానికే గదా మేముండేది,” అన్నాడు.

సుధారాణి కుర్చీ ముందుకు లాక్కుంది. చేతిలో హబీబుల్లా రాసిన ప్రోగ్రాం కాగితాలున్నాయి.

“ఇది సి భాషలో రాసినావు. డబ్బా లోపల కాలాన్ని ఎట్లా దాస్తాది?”

“అంకెగా మేడం.” అతను అప్పుడు తలెత్తాడు. “పంతొమ్మిది వందల డెబ్భై జనవరి ఒకటి నుంచి ఎన్ని సెకండ్లు గడిచినాయో ఆ లెక్క. సైరన్ నొక్కినప్పుడు ఒక అంకె, పేలినప్పుడు ఒక అంకె. మనిషి చదువుకునేదానికి ఆ అంకెను లోకల్‌టైం అనే ఫంక్షన్‌కు ఇస్తే, గంటలూ నిమిషాలూ చేసిస్తాది.”

“ఈడ ఆ ఫంక్షన్‌ను రెండుసార్లు పిలిచినావు. ముందు సైరన్ అంకెతో, తర్వాత పేలుడు అంకెతో. రెండూ అయినంక చీటీ కొట్టినావు. మొదటి జవాబును వేరేగా కాపీ చేసి పెట్టుకున్నావా?”

“కాపీ ఎందుకు మేడం? అదుండే చోటును గుర్తుపెట్టుకున్నా గదా...”

మాట నోట్లోనే ఆగిపోయింది. కాగితం వైపు చూశాడు.

“యా అల్లా,” అన్నాడు. “రెండూ ఒకే చోటు.”

“ఏంది? ఏమంటాండాడు వీడు?” హరికృష్ణ కసిరాడు.

“ఆ ఫంక్షన్ దగ్గర ఉండేది ఒకటే పలక,” అంది సుధారాణి. “అడిగిన వేళను ఆ పలక మీద రాసి, పలక ఫలానా చోట ఉందని చెప్తాది. రెండోసారి అడిగితే ఇంకో పలక తేదు. ఉన్నదాన్నే తుడిచి రెండో వేళ రాస్తాది. ఇతను మాత్రం చేతిలో రెండు పలకలున్నాయనుకున్నాడు. చీటీ కొట్టేటప్పటికి సైరన్ వేళ తుడిచిపెట్టుకుపోయింది. పేలుడు వేళనే రెండుసార్లు కొట్టింది.”

“రెండేండ్లలో నువ్వు చూసుకోలేదా?” అని ఆమె హబీబుల్లాను అడిగింది.

“షాపులో చూసుకునేటప్పుడు మీట నొక్కి వెంటనే తాళంచెవి తిప్పేవాణ్ణి మేడం. ఒకే టైం వస్తే సరిగ్గానే ఉందనుకున్నా.”

హరికృష్ణ నవ్వాడు. “అయితే పాత చీటీలు గూడా చూసినా నేను. అన్నిట్లోనూ ఇదే కత. రెండేండ్లుగా సైరనూ పేలుడూ ఒకేసారి అయితాండాయి. ఇది ఇంకా పెద్ద నేరం గదా మేడం?”

“రెండేండ్లుగా అట్లా అయింటే, ఆ గని నుంచి దినానికొక పీనుగ లేయాల్సింది. మొన్నటికి ముందు ఒక్కరన్నా పోయినారా?”

హరికృష్ణ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“సైరన్ ఎప్పుడు మోగిందో అసలు అంకె డబ్బాలోనే ఉంటాది,” అందామె. “దాన్ని తీయల్ల. హబీబుల్లాను గనికి తీసుకుపోతా.”

“మీతో ఒక్కణ్ణి పంపను. నేనూ వస్తాండా. మీ పలకా బలపం కత యాడిదాకా పోతాదో చూస్తా.”

*

గని అంచున రేకుల గది ఉంది. యంత్రం అందులోనే. గది కిటికీలోంచి చూస్తే గుంత మొత్తం కనిపిస్తుంది. గని నిన్న మొన్నా పోలీసు తాళంలో ఉండి, ఈ మధ్యాహ్నమే తెరుచుకుంది. మేనేజర్ బయపురెడ్డి గేటు దాకా ఎదురొచ్చాడు. గని ఓనరు ఉండేది పులివెందులలో, ఈయన అతని బామ్మర్ది. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. మాటలో ఎక్కడా తొందర లేదు.

“రాండి మేడం. పాపం ఓబులేసు, మా ఇంటి మనిషి మాదిరి. ఏమున్నా ఐదు లోపల చూసుకోండి. పొద్దు వాలితే ఈ రాళ్ల సందుల్లోంచి పాములు బయటికొస్తాయి.”

హబీబుల్లా యంత్రం మూత విప్పి, సుధారాణి లాప్‌టాప్‌కు తీగ కలిపాడు. లోపలి అంకెలన్నీ దిగడానికి గంట పైనే పడుతుందన్నాడు. అతనికి ఒక కానిస్టేబుల్‌ను కాపలా పెట్టి, సుధారాణి హరికృష్ణతో కలిసి గుంతలోకి దిగింది.

ఓబులేసు పడిన చోట రాయి ఇంకా నల్లగానే ఉంది. ఆమె అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. తూర్పు వైపు మెట్ల పైన సిమెంటు గది ఉంది. పేలుడప్పుడు మనుషులు దాక్కునేది అందులోనే. అరుగు మీద ఓబులేసు టిఫిన్ గిన్నె, మూత తీసే ఉంది. సగం తిన్న జొన్నరొట్టె ఎండి చీమలు పట్టింది. పక్కన గోడ మేకుకు అతని హెల్మెట్.

“ఓబులేసు ఈ గదికి వచ్చినాడు,” అంది. “హెల్మెట్ తగిలిచ్చి తింటా కూర్చున్నాడు. అంటే సైరన్ విన్నాడు.”

“మధ్యాన్నం తిన్నుంటాడు.”

“మధ్యాహ్నం తినింటే, తర్వాత హెల్మెట్ లేకుండానే పనిలోకి దిగినాడా? ఇరవై ఏండ్ల అనుభవం ఉండే ఫోర్‌మన్? ఎవరో పిలిస్తే తినేది వదిలేసి దిగినాడు. ఆయప్ప ఫోను యాడుంది?”

“దొరకలా.”

“మీకు అది వింతగా అనిపించలేదా?”

“రాళ్ల కింద పడింటాది మేడం!” హరికృష్ణ గొంతు హెచ్చింది. “పైనుంచి వచ్చినోళ్లకు అన్నీ వింతగానే ఉంటాయి. ఈ గనుల్లో పదేండ్ల నుంచి చావులు చూస్తాండా నేను.”

“అందుకే కొత్తది కనిపించలేదు మీకు.”

అతను మొహం గంటు పెట్టుకుని పైకి ఎక్కిపోయాడు. సుధారాణి ఒక్కతే గుంత చుట్టూ తిరిగింది. మొన్న పేలింది దక్షిణం గోడ. ఉత్తరం గోడ కింద పాత రాళ్లగుట్ట, దాని మీద పిచ్చిమొక్కలు. ఆ గోడకు మనిషి ఎత్తున వరసగా తూటాలు పెట్టే రంధ్రాలున్నాయి. బంకమట్టితో మూసి ఉన్నాయి. వేలితో నొక్కి చూసింది. మట్టి మెత్తగా దిగింది.

వెనక నుంచి బయపురెడ్డి గొంతు వినిపించింది. అతను దిగిన అలికిడే కాలేదు.

“పాత తూట్లు మేడం అవి. పోయిన ఏడు కొట్టి వదిలేసినాం.”

పోయిన ఏటి మట్టి ఇంకా ఆరలేదా అనే మాట నాలుక దాకా వచ్చింది. మింగేసింది. అతను నవ్వుతూనే ఉన్నాడు. కళ్లు మాత్రం ఆమె వేలికంటిన మట్టి మీద ఉన్నాయి.

*

గని కంచె బయట గొర్లు మేస్తున్నాయి. వాటిని కాస్తున్న మనిషికి ముప్పై ఏళ్లుంటాయి. సుధారాణి దగ్గరికి పోగానే కొంగు నడుముకు దోపుకుని లేచి నిలబడింది.

“నీ పేరేమ్మా?”

“మల్లిక. ఈడ మేపగూడదంటే తోలుకుపోతా మేడం.”

“మేపుకో. మొన్న సాయంత్రం గూడా ఈడే ఉన్నావా?”

“మూడు నెల్ల నుంచి దినామూ ఈడే ఉండా. మా ఆయప్ప, నా మొగుడు కాటమయ్య, ఈ గనిలోకి పనికి పోయి తిరిగి రాలా. బెంగళూరు పాయనని చెప్తారు ఈళ్లు. ఫోను పలకని బెంగళూరు యాడుంటాది మేడం? గొర్రె ఈనితే అర్ధరాత్రయినా లేసి చూసే మనిషి, మాట మాత్రం చెప్పకుండా పోతాడా?”

ఆమె ఏడవలేదు. ఎంతోమందికి చెప్పి చెప్పి అరిగిపోయిన మాటల్లా చెప్పింది.

“మొన్న ఏం జరిగిందో చెప్పు.”

“సైరన్ కూసింది. రాళ్లు ఎగురుతాయి గదా అని జీవాలను తోలుకుని వంక దాటినా. చప్పుడు రాలా. శానాసేపు చూసినా. ఈ పొద్దు కొట్టరేమోలే అని మళ్లా ఇటు తోలుకొస్తాండా. అప్పుడు పేలింది.”

“ఎంతసేపు?”

“నా కాడ గడియారం యాడుంది మేడం. గొర్లన్నీ వంకలో నీళ్లు తాగి, పండుకోని నెమరేసినాయి. అంతసేపు.”

“ఓబులేసు నీకు తెలుసా?”

మల్లిక గని వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “ఆ మధ్యాన్నమే కంచె కాడికొచ్చినాడు. ‘మల్లికా, నీ మొగుని సంగతి రేపు చెప్తా. ఈడ కాదు, నాతో స్టేషనుకు రా, ఆడ చెప్తా’ అన్యాడు. ఆయప్ప కండ్లలో నీళ్లు మేడం. నేను రేపటి దాకా ఎందుకన్నా అని అడగలా. అడిగుంటే...”

సుధారాణి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“వచ్చి ఆ రేకుల గది దగ్గర కూర్చో. నీ మాటకూ డబ్బాలో అంకెకూ సరిపోతే, ఈ కేసుకు నువ్వే మొదటి సాక్షివి.”

చెప్పి వెనక్కి తిరిగింది. నాలుగడుగుల దూరంలో బయపురెడ్డి రెండు మజ్జిగ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఎండన పడి తిరుగుతాండారు, తాగండి మేడం,” అన్నాడు. రెండో గ్లాసు మల్లికకు అందించాడు. “నువ్వూ తాగమ్మా. గేటు కాడ బల్ల మీద నీడుంది. ఆడ కూర్చో.”

గట్టిగా మాట్లాడాననుకుంది సుధారాణి. అనుకునేసరికే ఆలస్యమైంది.

*

రేకుల గదిలోకి వచ్చేసరికి హబీబుల్లా తెర ముందు లేచి నిలబడి ఉన్నాడు.

“అంకెలు దిగినాయి మేడం. పేలుడు అంకెలోంచి సైరన్ అంకె తీసేసినా. రెండు వేల రెండు వందల ఎనభై సెకండ్లు. ముప్పై ఎనిమిది నిమిషాలు! నా డబ్బా చంపలా మేడం. నా డబ్బా చంపలా!”

అతను కూలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. సుధారాణి మాత్రం కిటికీ వైపు చూసింది. సైరన్ మోగింది. అందరూ పైకి చేరారు. పది నిమిషాలకు తిప్పాల్సిన తాళంచెవిని ఎవరో కావాలనే తిప్పలేదు. ఈ కిటికీ దగ్గరే నిలబడి, తాళంచెవి పట్టుకుని, ఓబులేసుకు ఫోను చేసి కిందికి పంపి, అతను గుంత నడుమకు చేరేదాకా ఓపిగ్గా కాచుకున్నాడు.

“తాళంచెవి ఎవరి దగ్గర ఉంటాది?”

“ఒకటే చెవి మేడం. మేనేజరు దగ్గరే.”

“హరికృష్ణ గారు యాడ?”

“కిందికి దిగినారు. ఇంకో అంకె ఉండె మేడం, టైమర్ అంకె. డబ్బాలో ఫలానా వేళకు పేలాలని పెట్టొచ్చు. కింద ఉత్తరం గోడ దగ్గర ఉండే చిన్న డబ్బాకు ఇది ఆ వేళ చెప్తాది, దాని పని అది చేసుకుంటాది. తెర మీద పన్నెండూ పది అనుండె. సార్ చూసి, ‘ఈ మధ్యాన్నమే దాటిపాయ, ఇది పేలకుండా మిగిలిన తూటా, తీయించి నేనే కేసులో చూపిస్తా’ అని ఈడుండే కానిస్టేబుల్‌నూ, ఇంకొకాయననూ తోలుకుని ఉత్తరం గోడ కాడికి పోయినారు. నేను తీసివేతలో ఉంటి.”

సుధారాణి తెర మీదికి వంగింది. అంకెల పక్కన లాప్‌టాప్ వాటిని వేళలుగా మార్చి చూపుతోంది. పేలుడు: పదకొండూ ఇరవై రెండు.

పేలుడు జరిగింది సాయంత్రం నాలుగూ యాభై రెండుకు. ఊరంతా విన్న పేలుడది.

“ఇది గ్రీన్‌విచ్ వేళ,” అంది. “ఏ దేశపు కేసైనా ఒకే కొలతలో ఉండాలని మా విభాగం మిషన్లన్నీ ఇట్లాగే పెడతారు. మన వేళ కావాలంటే ఐదున్నర గంటలు కలపల్ల.”

హబీబుల్లా పెదవులు కదిలాయి. “పన్నెండూ పదికి ఐదున్నర కలిపితే...”

“ఐదూ నలభై.”

ఇద్దరూ ఒకేసారి గోడ గడియారం చూశారు. ఐదూ ముప్పై ఒకటి.

ఆమె హరికృష్ణకు ఫోను చేసింది. రెండుసార్లు మోగింది. కోసేశాడు. మళ్లీ చేసింది. మళ్లీ కోసేశాడు.

“టైమర్ ఆపు!”

“చెవి లేకుండా ఆగదు మేడం! అట్లనే చేయమన్యాడు మేనేజరు!”

“సైరన్?”

“సైరన్‌కు చెవి అక్కర్లేదు.”

ఆమె మీట మీద అరచెయ్యి వేసి నొక్కింది. రేకులు అదిరేలా సైరన్ లేచింది. హబీబుల్లాకు దాన్ని వదలొద్దని చెప్పి, గని అంచుకు పరిగెత్తింది. కింద కానిస్టేబుళ్లిద్దరూ పార వదిలేసి అప్పటికే మెట్ల దారి పట్టారు. హరికృష్ణ మాత్రం కదల్లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసి ఏదో అరిచాడు. ఆపమన్నట్టు చెయ్యి విసిరాడు.

“గోడ పేలుతాది! రాండి! రాండప్పా, పైకి రాండి!”

సైరన్‌లో ఆమె గొంతు మునిగిపోతోంది. అప్పుడామె చేతికందిన రాయి తీసి అతని వైపే విసిరింది. అది అతని కాలి ముందు పడింది. హరికృష్ణ ఒక్క క్షణం రాయిని చూశాడు, ఆమె ముఖం చూశాడు, వెనకనున్న గోడ చూశాడు. ఆ తర్వాత పరుగందుకున్నాడు.

అతను ఆఖరి మెట్టెక్కి సిమెంటు గది వెనక పడ్డాక ఇంకా ఎంతోసేపు గడిచినట్టనిపించింది. తను పొరబడ్డానేమో అని కూడా సుధారాణికి తోచింది. అంతలో నేల ఒక్క కుదుపు కుదిపింది. ఉత్తరం గోడ నిలువునా వదులై, ముందుకు ఒరిగి, పాత రాళ్లగుట్ట మీద కుప్పకూలింది. దుమ్ము గుంతను నింపి అంచులు దాటి పొర్లింది.

హరికృష్ణ తెల్లటి దుమ్ముతో రేకుల గదిలోకి వచ్చాడు. నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

“పన్నెండూ పది...” అన్నాడు.

“అది మన గడియారం కాదు.”

ఆమె అంతకుమించి దెప్పలేదు. తెర మీద ఇంకొక వరుస చూపించింది. “టైమర్ ఎప్పుడు పెట్టినారో గూడా డబ్బా దాచింది. మన వేళకు మార్చితే నిన్న పొద్దున పదింపావు. ఈ పొద్దు ఐదు దాటినాక గుంతలో ఎవరూ ఉండరని లెక్కేసుకున్నారు. నిన్న పదింపావుకు ఈ గని మీ తాళంలో ఉంది హరికృష్ణ గారూ. లోపలికి ఎవర్ని పంపినారు?”

అతను గ్లాసు కింద పెట్టాడు.

“ఓబులేసు ఆత్మకు టెంకాయ కొట్టి వస్తానన్యాడు. దండం పెట్టినాడు మేడం. ఒక్క గంట తాళం ఇచ్చినా.”

“బయపురెడ్డికా?”

అతను తలూపాడు.

“ఓబులేసు ఒక మనిషి సంగతి స్టేషన్లో చెప్పాలనుకున్నాడు, చచ్చిపోయినాడు. ఇప్పుడు పనికిరాని గోడను, పోలీసుల కండ్లుగప్పి, పాత రాళ్లగుట్ట మీద కూల్చినారు. ఆ గుట్ట కింద ఏముందో నాకు అర్థమయింది.” సుధారాణి లాప్‌టాప్ మూసింది. “మల్లిక మొగుడు బెంగళూరు పోలేదు.”

హరికృష్ణ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. “పదండి మేడం,” అన్నాడు. “వాణ్ణి నేనే పట్టుకుంటా.”

గేటు దగ్గర బల్ల ఖాళీగా ఉంది. పక్కన ఖాళీ మజ్జిగ గ్లాసు. గొర్లు కంచె తోసుకుని గని ఆవరణలోకి వచ్చి, దిక్కులు చూస్తూ అరుస్తున్నాయి. బయపురెడ్డి తెల్ల జీపు నిలిపిన చోట టైర్ల గుర్తులే మిగిలాయి.

“మల్లిక యాడ?” అని సుధారాణి గేటు కానిస్టేబుల్‌ను పట్టుకుని అడిగింది.

“సైరన్ కూయంగానే మేనేజరు సారు వచ్చి జీపులో ఎక్కించుకునిపోయినాడు మేడం. పులివెందులకంట.”

“పోతే పోనిచ్చినావా? ఆమె అరవలేదా?”

“అరిసేదేంది మేడం? ఆమెనే ఎగబడి ఎక్కింది.” కానిస్టేబుల్‌కు ఏమీ అర్థం కావడం లేదు. “కాటమయ్య దొరికినాడు, పులివెందులలో ఉండాడు, చూపిస్తా రా అన్యాడు ఆ సారు. ‘జీవాలను కొంచేపు చూస్తాండన్నా, మా ఆయప్ప దొరికినాడంట’ అని నాతో చెప్పి, నవ్వుకుంటా పోయింది.”